గొడుగు చువ్వల స్టేషన్

కారేపల్లి,
11 నవంబర్ 2007.

చెల్లె రూప్లికి అన్న సోమ్లా రాసేది.

ఇక్కడ నేను, మీ వదిన బాలి బాగానే ఉన్నాము, నా ఎడమ మోకాలు తప్ప. ఈ ఉత్తరం బావ చూస్తే చూడనీ. ఇందులో దాచేది ఏమీ లేదు.

మొన్న గురువారం పొద్దున పది దాటాక నీ బిడ్డ మా ఇంటి మీదుగా పోయింది. మాట్లాడింది. నేను విన్నాను.

మొదటి నుంచి చెబుతాను. కవిత ఇప్పుడు చిన్న విమానం ఒక్కతే నడుపుతోంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాకా పోయి రావడం వాళ్ల చదువులో భాగం. చిన్న విమానంలో దారి చెప్పే పెద్ద యంత్రాలు ఉండవట, కిందికి చూసుకుంటూ పోవాలి. కాజీపేట, డోర్నకల్, కారేపల్లి, కొత్తగూడెం దాకా మన రైలు పట్టానే దారి. అక్కడి నుంచి మీ అడవి, భద్రాచలం బ్రిడ్జి, ఆ తర్వాత గోదావరి. ఇదంతా కవితే నాకు రాసింది. ముప్పై ఒక్క ఏళ్లు నేను సిగ్నల్ కేబిన్‌లో కూర్చుని కాపలా కాసిన పట్టాను చూసుకుంటూ నా మేనకోడలు పైన పోతుంటే, నేను కింద ఊరికే ఎట్లా కూర్చుంటాను?

సిగ్నల్ మెకానిక్ గోపాలు నీకు తెలుసు కదా, నా రిటైర్మెంట్ రోజు తాగి పాట పాడినవాడు. వాడు ఒక పాత ట్రాన్సిస్టర్ విప్పి, లోపలి రాగి తీగ చుట్లు సాగదీసి, ఇంకేదో చేశాడు. పాటలు పోయి పైలట్ల మాటలు వస్తున్నాయి. యాంటెన్నాకు బాలి గొడుగు బట్ట చింపి చువ్వలు తీసుకున్నాడు. ఒకటి నిటారుగా, నాలుగు కిందికి వంచి, ఇనుప పైపుకు బిగించి దాబా మీద నిలబెట్టాడు. "వానొస్తే నెత్తి మీద ఏం పట్టుకోవాలె, మీ రేడియోనా?" అని బాలి రెండు రోజులు తిట్టింది.

కవిత ఇంగ్లీషులో చెప్పింది. కారేపల్లి జంక్షన్ మీద ఉన్నాను, ఎత్తు రెండున్నర వేల అడుగులు, పదమూడు నిమిషాల్లో కొత్తగూడెం అని. మన జంక్షన్ పేరు ఆకాశంలో వినబడింది.

మీ తండా కూడా ఆ దారిలోనే ఉంది. నీకూ ఒకటి చేయిస్తాను. జవాబు రాయి.

నీ అన్న,
సోమ్లా


తుమ్మలవాగు తండా,
19 నవంబర్ 2007.

అన్నకు,

ఉత్తరం అందింది. మేము బతికే ఉన్నాము. పత్తి ఏరడం అయింది, మిరప పూతలో ఉంది.

నువ్వు కవిత విమానం స్కూలు కాగితం మీద గార్డియన్ అని సంతకం పెట్టి వచ్చిన రోజు, తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మీ బావ అన్న మాట గుర్తుంది కదా. "ఈ ఇంట్ల ఎవరూ ఆ ఇద్దరితోని నోటి మాట మాట్లాడొద్దు" అన్నాడు. నేను మాట్లాడడం లేదు. రాయొద్దని ఆయన అనలేదు కాబట్టి నీకు రాస్తున్నాను. కవితకు అదీ రాయను. తండ్రికి భయపడి పోయింది, సరే. నా ముందు నిలబడి "పోతున్న" అని ఒక్క మాట అనడానికి ఏమైంది?

రేడియో డబ్బా పంపొద్దు. మీది స్టేషన్ ఊరు, మాది అడవి అంచు. ఇంటి మీద కొత్తగా ఒక చువ్వ లేస్తే ఇటు జీపులో వచ్చే వాళ్లు అడుగుతారు, అటు లోపల తిరిగే వాళ్లు అడుగుతారు. అంగన్‌వాడీ పంతులమ్మకు ఆ సమాధానాలు చెప్పే తీరిక లేదు.

గొంతు ఎట్లా ఉంది? చలికాలం మొదలైతే ఆమెకు గొంతు పట్టేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఉంటాను,
రూప్లి


కారేపల్లి,
2 డిసెంబర్ 2007.

చెల్లె రూప్లికి,

గొంతు ఎట్లా ఉందని అడిగావు. అది నేను చెప్పేది కాదు, నువ్వే వినాలి. అందుకే ఈ ఉత్తరం ఇచ్చి గోపాలును పంపుతున్నాను. డబ్బా, గొడుగు చువ్వలు, టీవీ వైరు అన్నీ వాడి సంచిలో ఉన్నాయి. అన్నం పెట్టు, కల్లు పోయకు.

పని పద్ధతి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. నాది ఒక స్టేషన్, నీది తర్వాతి స్టేషన్. మధ్యలో ఇరవై మూడు నిమిషాల సెక్షన్. రైల్వేలో ఒక స్టేషన్ దాటిన బండి తర్వాతి స్టేషన్‌కు చేరిందని కబురు వచ్చే దాకా, మొదటి స్టేషన్ వాడు ఆ లైను మీదికి ఇంకో బండిని వదలడు, పోయిన బండిని మరవడు. చేరింది అంటే చాలదు. బండి చివరి డబ్బా వెనక ఎల్.వి., అంటే లాస్ట్ వెహికల్, అని బోర్డు ఉంటుంది. దాన్ని కంటితో చూశాకే రిజిస్టర్‌లో "పూర్తిగా చేరింది" అని రాయాలి. బోర్డు కనబడలేదంటే ఏదో డబ్బా తెగి వెనక అడవిలో నిలబడి ఉందని అర్థం. విమానానికి బోర్డు ఉండదు కాబట్టి, మాట గోదావరి వైపు సన్నబడి ఆగిపోతే అదే చివరి డబ్బా అనుకో.

విన్న తర్వాత రోడ్డు మీద వెంకటరామారావు కిరాణా కొట్టుకు పోయి, కాయిన్ బాక్స్ నుంచి మా ఇంటికి ఒక్క రింగ్ కొట్టి పెట్టెయ్. కేబిన్‌లో మేము గంట కొట్టినట్టే. నేను ఎత్తను, నువ్వు మాట్లాడవు. బావ మాట బావ దగ్గరే ఉంటుంది.

ఒక నోటుబుక్కు కూడా పంపాను. గీతలు నేనే కొట్టాను.

సోమ్లా


తుమ్మలవాగు తండా,
20 డిసెంబర్ 2007.

అన్నకు,

వద్దని రాస్తే పంపమని చదువుకునే కళ్లు నీకు చిన్నప్పటి నుంచి ఉన్నాయి. సంచి చూసి గోపాలును వెనక్కి పొమ్మన్నాను. "అక్కా, మోకాళ్ల దాకా దుమ్ము పట్టి వచ్చిన, మంచినీళ్లన్న ఇయ్యి" అన్నాడు. నేను నీళ్లు తెచ్చేలోపల బట్టలారేసే వెదురు కొసకు నీ గొడుగు కట్టేశాడు. దాని మీద నా ఫేటియా లంగా ఆరేస్తున్నాను. దూరం నుంచి ఏమీ తెలియదు. "కర్రెందుకు పొడుగైంది?" అని మీ బావ అడిగాడు. ఫేటియా నేలకు తగులుతుందని చెప్పాను.

ఇవాళ పది గంటల అయిదు నిమిషాలకు వచ్చింది.

అంకెలు తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా బిడ్డే అని మాత్రం తెలిసింది. అంకెలు చెప్పేటప్పుడు మూడు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. నా అంగన్‌వాడీలో ముందు వరుసలో కూర్చుని ఒకట్లు చెప్పేటప్పుడూ అక్కడే ఆగేది. గొంతు బాగుంది. దగ్గు లేదు.

బయటికి వచ్చి చూశాను. తెల్లగా, పిట్టంత ఉంది. చప్పుడు కూడా పెద్దగా లేదు. అంత చిన్న దాంట్లోనా అన్నా?

రింగ్ కొట్టాను, నీకు అంది ఉంటుంది. నిన్న పోలీసు హెలికాప్టర్ వాళ్ల మాటలు కూడా డబ్బాలో వచ్చాయి. అవి రాయలేదు. అవి మనకెందుకు.

రూప్లి


కారేపల్లి,
30 డిసెంబర్ 2007.

చెల్లె రూప్లికి,

రింగ్ అందింది, 10-21కి. ఆ రింగ్ వినగానే బాలి "చేరిందా?" అని వంటింట్లోంచి అరిచింది. ఇప్పుడు తనకీ గొడుగు మీద కోపం లేదు.

ఒక తప్పు చేశావు. హెలికాప్టర్ రాయలేదన్నావు. రిజిస్టర్ అంటే మనకు నచ్చిన బండి రాసుకునే పుస్తకం కాదు. ప్యాసింజర్ రాసి గూడ్స్ వదిలేస్తే, రేపు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాడు మొత్తం పుస్తకమే అబద్ధం అంటాడు. విన్నదల్లా రాయాలి. టైము, ఎటు నుంచి ఎటు, అంతే. నేను ఇక్కడ అన్నీ రాస్తున్నాను. మొన్న ఒక్కరోజే హెలికాప్టర్ మూడు సార్లు. ముప్పై ఒక్క ఏళ్లలో నా రిజిస్టర్‌లో ఒక్క ఖాళీ గడి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వింటున్నావని కవితకు రాశాను. ఆమె జవాబులో నీ గురించి ఎక్కువ రాయలేదు. ఒక్కటే రాసింది. "మామా, రేడియోలో సొంత మాటలు మాట్లాడకూడదు. మీట మాత్రం రెండు సార్లు నొక్కి వదులుతాను. అది అమ్మకని చెప్పు." ఇకపై మాట అయిపోయాక టిక్, టిక్ అని వినబడుతుంది. చూసుకో. అది కూడా రిజిస్టర్‌లో రాయి.

కేబిన్ కూల్చేస్తారని అంటున్నారు. ఇప్పుడంతా స్టేషన్ గదిలో బటన్లే. నిన్న పోయి మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చాను.

సోమ్లా


తుమ్మలవాగు తండా,
17 జనవరి 2008.

అన్నకు,

వినబడ్డాయి. రెండు.

నీ మాట ప్రకారం అన్నీ రాస్తున్నాను, హెలికాప్టర్లతో సహా. మనసుకు బాగా లేదు, అయినా రాస్తున్నాను.

మీ బావకు తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో తెలియదు. గురువారం నేను డబ్బా పెట్టుకుని కూర్చున్నప్పుడు మిరప చేనులోంచి నీళ్లు తాగడానికని వచ్చాడు. చేనులో బిందె ఉంది, నేనే పెట్టి వచ్చాను. గుమ్మంలో నిలబడి చెంబు పట్టుకుని తాగుతూనే ఉన్నాడు. టిక్కులు అయిపోయాక చెంబు బోర్లించి పోయాడు. ఆ ముందు గురువారం కూడా ఆయనకు అదే టైముకు దాహం వేసింది.

అంగన్‌వాడీలో ఆయాగా చేసే కోయ మనిషి చిన్నక్క ఊరుకునేది కాదు. "పంతులమ్మా, గొడుగు బట్ట ఎటు పోయె? ఒట్టి ఎముకలు ఆరబెట్టినవ్" అని నవ్వుతోంది. ఆమె నవ్వితే ఊరంతా నవ్వుతుంది. కాబట్టి దించేద్దామా అనుకున్నాను. తర్వాత గురువారం పోనీలే అనుకున్నాను. అట్లా గురువారాలు గడుస్తున్నాయి.

కవితకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పేరు దాకా రాశాను.

రూప్లి


కారేపల్లి,
28 జనవరి 2008.

చెల్లె రూప్లికి,

ఈసారి గురువారం కాదు, మంగళవారం. ఫిబ్రవరి 12. తేదీ కింద గీత పెట్టుకో.

ఆ రోజు కవిత ఒక్కతే రాజమండ్రి పోయి, అక్కడ దిగి, మళ్లీ తిరిగి రావాలి. దూరం లెక్క ప్రకారం లైసెన్సుకు కావలసిన ఆఖరి పెద్ద ప్రయాణం అదేనట. అది అయితే కాగితాలు పంపుతారు, పోలీసు విచారణ అయ్యాక లైసెన్సు వస్తుంది. మన తండాల్లోంచి ఆకాశంలోకి పోయిన పిల్ల ఇంకొకతె ఉందేమో నాకు తెలియదు.

ఆ వారం గాలి ఎక్కువ ఉంటుందని గోపాలు భయపెడుతున్నాడు. నువ్వు తొమ్మిది నుంచే కూర్చో. రింగ్ మాత్రం మరవకు. నేను ఫోన్ పక్కనే ఉంటాను.

సోమ్లా


తుమ్మలవాగు తండా,
8 ఫిబ్రవరి 2008.

అన్నకు,

తొందరలో రాస్తున్నాను. పోలియో చుక్కల ఆదివారం వచ్చింది. సోమ, మంగళవారాలు ఇంటింటికీ తిరగాలి. నాకు ఈసారి వాగు అవతలి కోయ గూడేలు వేశారు. మూడు రోజులూ అక్కడే పడుకోవాలి. చుక్కల డబ్బా మోసేది నేనూ చిన్నక్కా. మంగళవారం వినలేను, రింగ్ కొట్టలేను. మార్చమని సూపర్‌వైజరమ్మను అడిగాను. "ఏంది రూప్లమ్మా, ఆ రోజు నీకేం పెండ్లి ఉన్నదా?" అంది. ఏమని చెప్పను?

పోస్ట్‌మన్ సోమవారం గానీ రాడు. ఇది నీకు మంగళవారానికి అందుతుందో లేదో. అందకపోయినా ఒక్క రోజే కదా, రింగ్ రాకపోతే పనిలో ఉందనుకుంటావు.

ఆ రోజు ఆకాశం వైపు చూస్తాను. అంతే చేయగలను.

రూప్లి


కారేపల్లి,
12 ఫిబ్రవరి 2008. పగలు 11-20.

రూప్లీ,

9-42కు బండి ఇక్కడ దాటింది. మాట విన్నాను. గాలి ఉంది, మాట కొంచెం ఊగింది. 10-05కు నీ దగ్గరికి రావాలి. 10-20కల్లా రింగ్ రావాలి. రాలేదు.

10-25కు వెంకటరామారావు కొట్టుకు ఫోన్ చేశాను. "పంతులమ్మ మొన్నటి సంది కనబడలే. విమానమా? ఏమో, నేను గల్లా కాడ ఉన్న" అన్నాడు. కవిత సెల్లు స్విచ్ఛాఫ్. స్కూలు నంబరు మోగుతోంది, ఎవరూ ఎత్తరు. స్టేషన్‌కు పోయాను. కొత్త మాస్టరు "సోమ్లా, నువ్వు రిటైరైనవ్. ఇది మన సెక్షన్ గాదు. ఇంటికి పోయి అన్నం తిను" అన్నాడు.

సెక్షన్‌లోకి పోయిన బండి అవతల తేలకపోతే ఊరికే కూర్చోవడం నాకు నేర్పలేదు. మన ఇద్దరి మధ్య అడవి ఉంది, గుట్టలు ఉన్నాయి. 10-40కి పోలీసులకు ఫోన్ చేశాను. చిన్న విమానం కారేపల్లి దాటింది, అవతల తేలలేదు, వెతకండి అని చెప్పాను. "విమానం పోయిందని నీకెట్ల తెల్సు? అవతల చూసేదెవరు? ఎప్పటి సంది చూస్తున్నరు?" అని అడిగారు. అన్నీ చెప్పాను. పేరు, ఊరు, టైము, రిజిస్టర్. కేబిన్‌లో అడిగితే చెప్పినట్టే చెప్పాను.

నువ్వు ఎందుకు రింగ్ కొట్టలేదు?

సాయంత్రం 4-50. జీపు వచ్చింది. బండి 10-52కే రాజమండ్రిలో దిగిందట. క్షేమంగా. బాలి ఏడుస్తోంది, నేను కూడా కూర్చుండిపోయాను. మిగతా తర్వాత రాస్తాను. వీళ్లు రిజిస్టర్ అడుగుతున్నారు.


తుమ్మలవాగు తండా,
19 ఫిబ్రవరి 2008.

అన్నకు,

మంగళవారం పొద్దుగూకేటప్పుడు నేను గూడెంలో ఆఖరి ఇంట్లో చంటిపిల్ల నోట్లో చుక్కలు వేస్తున్నాను. చిన్నక్క మరిది పరుగెత్తి వచ్చి, మా ఇంటి ముందు రెండు జీపులు ఉన్నాయని చెప్పాడు.

నేను వచ్చేసరికి డబ్బా, నోటుబుక్కు, వైరు తీసుకుపోయారు. వెదురు కూడా నరికి తీసుకుపోయారు. నా ఫేటియా వాకిట్లో పడి ఉంది. మీ బావను తీసుకుపోయారు. రెండు రాత్రులు ఉంచుకుని గురువారం పంపారు. కొట్టలేదని చెప్పాడు. కుడి చేత్తో చెంబు ఎత్తడం లేదు.

మరునాడు నన్ను పిలిచి నోటుబుక్కు ముందర పెట్టారు. ఏ హెలికాప్టర్ ఏ తేదీన, ఏ టైముకు, ఎటు నుంచి ఎటు పోయిందో, నా చేతిరాతలో నీట్‌గా ఉంది. "ఎవరికి ఇస్తున్నవ్ ఇవి?" అన్నారు. మా అన్నకు అన్నాను. "మీ అన్న ఎవరికిస్తడు?" అన్నారు. ఎవరికీ ఇవ్వడు, ఆయన రైల్వే అన్నాను. నాకే వినడానికి బాగా లేదు.

నేను ముందే ఉత్తరం రాశాను. అందలేదా?

వెంకటరామారావు కాయిన్ బాక్స్ తీసి ఇంట్లో పెట్టుకున్నాడు. చిన్నక్క నవ్వడం మానేసింది.

మీ బావ ఇంటికి వచ్చాక మొదట అడిగిన మాట, "ఆ డబ్బా మల్ల ఇస్తరంటనా?"

రూప్లి


కారేపల్లి,
24 ఫిబ్రవరి 2008.

చెల్లె రూప్లికి,

నీ 8వ తేదీ ఉత్తరం 14న అందింది. నిలబడే చదివాను. ఇంకోసారి చదవలేదు.

నన్ను నాలుగు సార్లు పిలిచారు. పెన్షన్ మనిషినని కూర్చోబెట్టే మాట్లాడారు. హెలికాప్టర్ గురించి నీకు రాయించింది నేనేనని రాసి ఇచ్చాను. బావ పేరు, నీ పేరు ఎక్కడా తప్పు కింద రాయొద్దని రాశాను. ఇట్లాంటి డబ్బాకు లైసెన్సు ఉండాలట. నాకు తెలియదు. పాటల రేడియోనే కదా అనుకున్నాను. గోపాలు డోర్నకల్‌లో తన బిడ్డ దగ్గరికి పోయాడు, ఇంకా రాలేదు.

రిజిస్టర్‌లో "టిక్కులు 2" అని ప్రతి వారం ఉంది. అది ఏం గుర్తు, ఎవరికి అని అడిగారు. వాళ్ల అమ్మకు అని చెప్పాను. రాసుకునే ఆయన కలం ఆపి నా మొహం చూశాడు. తర్వాత నవ్వి, ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తెలియదు.

ఇంకొక పన్నెండు నిమిషాలు ఆగి ఉంటే అయిపోయేది. 10-40, 10-52. రోజూ ఈ రెండు అంకెలే చూస్తున్నాను.

బావ చెయ్యి ఖమ్మంలో చూపించు. చేతులు జోడించి అడుగుతున్నాను.

సోమ్లా


తుమ్మలవాగు తండా,
25 ఏప్రిల్ 2008.

అన్నకు,

ఇన్నాళ్లు రాయలేదు. ఇప్ప పువ్వు ఏరడం, తునికాకు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మీ బావ చెయ్యి కొంచెం నయం. ఎడమ చేత్తో తింటున్నాడు.

కవిత నాకు ఉత్తరం రాసింది. రెండేళ్లకు మొదటిసారి. లైసెన్సు కాగితాలు విచారణకు మన పోలీసు స్టేషన్‌కే వచ్చాయట. ఇంటి వాళ్ల మీద వైర్‌లెస్ కేసు ఉంది, అడవి అంచు ఊరు, ఈ అమ్మాయి తను పోయే రోజులు ముందే బయటికి చెప్పింది, రేడియోలో గుర్తులు పంపింది అని రాసి వెనక్కి పంపారట. ఆ కాగితం మారేదాకా విమానం ముట్టుకోవద్దని స్కూల్లో చెప్పారు. ఎప్పుడు మారుతుందంటే ఎవరూ చెప్పరు. హాస్టల్ ఖాళీ చేయమన్నారు.

ఆమె ఏడ్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అక్షరాలు బాగున్నాయి. నీ గురించి ఏమీ రాయలేదు.

మే 4, ఆదివారం, డోర్నకల్ వైపు నుంచి వచ్చే మధ్యాహ్నం ప్యాసింజర్‌కు వస్తోంది. కొత్తగూడెంలో దిగి బస్సెక్కుతుంది. మీ బావ బస్టాండ్ దాకా పోతానన్నాడు.

నువ్వు స్టేషన్‌కు పోవద్దు.

రూప్లి


కారేపల్లి,
5 మే 2008.

చెల్లె రూప్లికి,

పోయాను. కోప్పడకు. ప్లాట్‌ఫారం చివర, కూల్చిన కేబిన్ రాళ్ల పక్కన నిలబడ్డాను, అక్కడైతే ఎవరికీ అడ్డం కాదని.

బండి పదకొండు నిమిషాలు లేటు. మూడో డబ్బాలో కిటికీ దగ్గర కూర్చుంది. జుట్టు కురచగా కత్తిరించుకుంది, మొదట గుర్తుపట్టలేదు. నేను చెయ్యి ఎత్తలేదు. నా వైపు చూసిందనే అనుకుంటాను. తర్వాత కిటికీ రేకు దించుకుంది. ఎండ అటు వైపే ఉంది, మొహాన కొడుతుంది. అందుకే దించుకుని ఉంటుంది.

బండి కదిలింది. చివరి డబ్బా దాటేదాకా నిలబడ్డాను. బోర్డు చూశాను. నా దగ్గర నుంచి పూర్తిగా పోయింది. నాకు రాయడానికి రిజిస్టర్ లేదు కాబట్టి నీకు రాస్తున్నాను.

నీ దగ్గరికి చేరిందో లేదో కబురు కావాలి. కాయిన్ బాక్స్ లేదని తెలుసు. కార్డు ముక్క రాసినా చాలు. ఎన్నింటికి చేరిందో రాయి. ఇంకేమీ అడగను.

సోమ్లా


తుమ్మలవాగు తండా,
11 మే 2008.

అన్నకు,

కార్డు మీద పట్టే మాటలు కావు, అందుకే ఉత్తరం.

ఆదివారం సాయంత్రం 5-40కి ఇంటికి చేరింది. తండ్రీ కూతురూ బస్టాండ్ నుంచి నడిచే వచ్చారు. ఆయన ఎడమ చేతిలో పెట్టె ఉంది. వాళ్లు దారిలో మాట్లాడుకున్నారో లేదో తెలియదు. ఇంట్లోకి వచ్చి ఆమె నీళ్లు అడిగింది. ఆయన ఇచ్చాడు. నోటి మాట ఆంక్ష అంతటితో పోయింది, ఎవరూ ఎత్తివేయలేదు.

మూడు రోజులు పడుకుంది. నాలుగో రోజు నాతో అంగన్‌వాడీకి వచ్చి పిల్లలకు ఒకట్లు చెప్పింది. ఆ కురచ జుట్టు చూసి పిల్లలు భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. హెలికాప్టర్ పోతే మాత్రం తల ఎత్తడం లేదు. పిల్లలందరూ బయటికి పరుగెత్తితే ఆమె పలకలు సర్దుతూ కూర్చుంది.

నీతో ఒకటి చెప్పాలి. చెప్పకూడదని మీ బావ అనలేదు.

నిన్న అన్నం తినేటప్పుడు ఆయన ఆమెతో అన్నాడు. "ఆ మంగళారం నేను ఇన్న బిడ్డా. పది దాటి ఆరు నిమిషాలకు పోయినవ్. రెండు టిక్కులు గొట్టినవ్." నేను ఇంట్లో లేనని ఆయనే డబ్బా తిప్పుకుని కూర్చున్నాడట. నేను ప్రతిసారీ ఎటు పోయేదాన్నో, ఎందుకు పోయేదాన్నో ఆయనకు తెలుసు. రింగ్ కొడదామని వెంకటరామారావు కొట్టు దాకా పోయాడట. చేతిలో రూపాయి బిళ్ల కూడా ఉందట. గడప దగ్గర కాసేపు నిలబడి, నాయక్ ఇంటి ముందు అంత మాట అన్నవాణ్ని నేనెట్ల కొట్టాలె అనుకుని, వెనక్కి తిరిగి వచ్చాడట. అప్పుడు టైము ఎంత అని కవిత అడిగింది. పదింబావు అన్నాడు. నువ్వు పోలీసులకు ఫోన్ చేయడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలు ఉంది.

ఆమె ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

కిటికీ సంగతి నేను అడగలేదు. తనే చెప్పింది, ప్లాట్‌ఫారం చివర మామ నిలబడ్డాడని. ఎండ ఉందని మాత్రం చెప్పలేదు.

ఆయన నిన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. వానలు పడేదాకా ఆగు.

టైము రాయమన్నావు, రాశాను. బండి చేరింది. పూర్తిగా అని నేను రాయలేను అన్నా.

రూప్లి